టెర్రస్ మీది తీగ: 1942 గిర్గాం నుంచి మా సొసైటీ దాకా



పోయిన నెల సంఘం సమావేశంలో చాయ్ తాగుతుండగా భివండీ నుంచి వచ్చిన ఒక అన్న మమ్మల్ని పక్కకు పిలిచి అడిగాడు. "మావాడికి హ్యామ్ రేడియో లైసెన్సు వచ్చింది. ఉండేది ఫ్లాట్‌లో. సొసైటీవాళ్ళు యాంటెనా అంటేనే కొట్లాటకు వస్తున్నారు. ఎవరి కంటా పడకుండా కట్టే యాంటెనా ఏదైనా ఉందా?" అక్కడ నిలబడి రెండు ముక్కల్లో ఏదో చెప్పి వచ్చాం. ఇంటికొచ్చాక ఆ జవాబు చాలలేదనిపించింది. సరిగ్గా ఇదే గొడవ రెండేళ్ళ కింద మా ఇంట్లో కూడా జరిగింది. దానికి తోడు ఈ ప్రశ్నకు ముంబైలో పెద్ద చరిత్రే ఉంది. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపిక ఉన్నప్పుడు చదవండి.

హ్యామ్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, కేంద్ర టెలికాం శాఖ దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత కాల్‌సైన్‌తో ఇంట్లో నుంచే ప్రసారం చేస్తూ ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో ఉన్న హ్యామ్‌తో మాట్లాడే అభిరుచి. మన దేశపు కాల్‌సైన్లు ఎక్కువగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. రాజీవ్ గాంధీది వీయూ2ఆర్‌జీ. దీంతో వ్యాపారం చేయకూడదు, రహస్య భాష వాడకూడదు. మాట్లాడే సెట్టు బీరువా అరలో పట్టేస్తుంది. పట్టనిది యాంటెనా ఒక్కటే. దేశం లోపల పగటిపూట మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే 40 మీటర్ల బ్యాండ్‌కు సుమారు 20 మీటర్ల తీగ కావాలి. లెక్క సులువే, 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ పొడుగు మీటర్లలో వస్తుంది. వన్ బీహెచ్‌కేలో 20 మీటర్లు ఎక్కడుంది చెప్పండి!

మన దేశంలో మొదట రేడియో కట్టింది ప్రభుత్వం కాదు, ఇలాంటి ఔత్సాహికులే. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు లైసెన్సు పొందిన మొదటి హ్యామ్. 1923లో బొంబాయి రేడియో క్లబ్ ప్రసారం చేసింది. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనుకుని ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టాడు. 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నడిచి, డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ రోజుల్లో ఏరియల్ అంటే ఇంటికి గొప్ప. దాచేవాళ్ళు కాదు, బంధువులను పిలిచి చూపించేవాళ్ళు. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే ఆ గొప్ప అంతా పోయింది. హ్యామ్ లైసెన్సులు రద్దు చేసి, పరికరాలు అప్పగించమని హుకుం వచ్చింది. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న తీగ ఒక్క రోజులో నేరానికి సాక్ష్యమైంది. దాచి కట్టే ఏరియల్ కథ మన దగ్గర నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

1942 ఆగస్టు 8 రాత్రి గోవాలియా ట్యాంక్ మైదానంలో క్విట్ ఇండియా తీర్మానం. తెల్లవారేసరికి గాంధీజీ, నెహ్రూ, పటేల్ అందరూ నిర్బంధంలో. పత్రికల నోరు నొక్కేశారు. ఊరికి వార్త చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు 22 ఏళ్ళ కాలేజీ అమ్మాయి ఉషా మెహతా, ఆమె స్నేహితులు కలిసి దొంగచాటు రేడియో పెట్టారు. ఆగస్టు 27న మొదటి ప్రసారం. రామమనోహర్ లోహియా వంటి నాయకుల తోడు ఉంది. ట్రాన్స్‌మిటర్ పని చేసిపెట్టిన నరీమన్ ప్రింటర్ అంతకుముందు హ్యామే. 42.34 మీటర్ల మీద, భారతదేశంలో ఎక్కడి నుంచో మాట్లాడుతున్నామని చెప్పుకుంటూ కాంగ్రెస్ రేడియో వినబడేది. ఈ కథ మీద ఈమధ్య హిందీ సినిమా కూడా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు.

సినిమాలో చెప్పని ఒక సంగతి చెబుతాం. 42.34 మీటర్లను మెగాహెర్ట్జ్‌లోకి మార్చి చూడండి, దాదాపు 7.08 వస్తుంది. అంటే ఈ రోజు మన పిల్లలు ఆదివారం పొద్దున గుడ్ మార్నింగ్ చెప్పుకునే 40 మీటర్ల బ్యాండే అది! భివండీ అన్న కొడుకుకు కావలసిన తీగ, ఉషా మెహతాకు కావలసిన తీగ, లెక్క ప్రకారం రెండూ ఒకే పొడుగు. అంత తీగ కావలసిన తరంగం మీద ప్రసారం చేస్తూ, ఆ పిల్లలు చౌపాటీ దగ్గర సీ వ్యూ అనే భవనంలో మొదలుపెట్టి, అజిత్ విల్లా, ఇంకా రెండుమూడు చోట్లు, చివరికి గిర్గాంలో పారేఖ్ వాడీ దాకా ఇళ్ళు మారుతూ పోయారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అద్దె ఫ్లాట్లు. ఇల్లు మారిన ప్రతిసారీ పక్కింటివాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి. సామాను పెట్టె అంటే సరిపోతుందేమో కానీ తీగను ఏమని చెబుతారు? మేము గిర్గాం సందుల్లో నడిచినప్పుడల్లా ఆ పాత చెక్క బాల్కనీలు, ఇంటి నుంచి ఇంటికి కట్టిన బట్టల తీగలు చూసి, ఏరియల్ దాచడానికి ఇంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు కదా అనుకుంటాం. ఇది మా ఊహ మాత్రమే, చరిత్ర అని ఎవరికీ చెప్పకండి.

దాచినా ఏం లాభం! ప్రసారం మొదలుపెట్టామంటే మనం ఉన్న చోటు చుట్టూ చాటింపు వేసినట్టే. గుండ్రటి లూప్ యాంటెనాను తిప్పుతూ పోతే ఒక దిక్కున సిగ్నల్ సన్నగిల్లుతుంది. ఆ దిక్కును మ్యాపు మీద గీతగా గీస్తారు. ఇంకో చోటు నుంచి ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోట ఇల్లు. పోలీసు వ్యాన్లు ఊరంతా అలాగే తిరిగాయి. దానికి తోడు లోపలి మనిషే, ఒక సాంకేతిక నిపుణుడు, దారి చూపాడని ఉషా మెహతా తరవాత చెప్పింది. 1942 నవంబరు 12న ప్రసారం నడుస్తుండగా పోలీసులు వచ్చిపడ్డారు. నెలల తరబడి విచారించినా ఆమె నోరు విప్పలేదు. నాలుగేళ్ళ శిక్ష పడింది. 1946లో బయటికొచ్చి, తరవాత ఎన్నో ఏళ్ళు కాలేజీ పిల్లలకు రాజనీతి చెప్పింది. 1998లో పద్మ విభూషణ్ ఇచ్చారు.

ఆ రేడియో నడిచింది మూడు నెలలలోపే. ఆ మూడు నెలలూ వాళ్ళను పట్టిచ్చింది తీగ కాదు, ఆ తీగ మీద పోయిన మాట, ఆ మాట తెలిసిన మనిషి. దీన్ని గుర్తు పెట్టుకోండి, మా ఇంటి గొడవలో మళ్ళీ వస్తుంది.

యుద్ధం అయిపోయాక లైసెన్సులు మళ్ళీ ఇచ్చారు. 1948లో మౌలోని సైనిక సిగ్నల్స్ పాఠశాల దగ్గర దేశం మొత్తానికి ఒక హ్యామ్ సొసైటీ పుట్టింది. మనవాళ్ళ ఇళ్ళకు రేడియో వచ్చింది కూడా ఆ తరవాతి ఇరవై ముప్పై ఏళ్ళలోనే. సిరిసిల్ల నుంచి వచ్చి మిల్లులో చేరిన మా బాపు, చాల్‌లో ఒక ఖోలీ, దానికి ఒక మర్ఫీ రేడియో. గది ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జాలీ ఏరియల్ వేలాడుతుండేది. వేళ్ళ వెడల్పు పట్టీ, చివర తెల్ల పింగాణీ గుండ్లు. దాని మీదే అవ్వ తడి తువ్వాళ్ళు ఆరేసేది, బాపు తిట్టేవాడు. రాత్రి కరెంటు గోల తగ్గాక హైదరాబాదో విజయవాడో అలలు అలలుగా వచ్చేది. తెలుగు వార్తలు వస్తే గ్యాలరీలో నలుగురైదుగురు మగ్గం పనివాళ్ళు చేరేవాళ్ళు. ఆ రేడియోకు కూడా ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. వినడానికే లైసెన్సు ఉన్న కాలం అది.

1972 అక్టోబరులో బొంబాయికి టీవీ వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి ప్రతి డాబా మీదా అల్యూమినియం చేపముళ్ళ అడవి. మా మేడ మీద లెక్కపెడితే నలభై దాకా ఉండేవి. అప్పుడు ఏ హ్యామైనా అందులో తనదొకటి నిలబెట్టుకుంటే అడిగేవాడే లేడు. 1990లలో కేబుల్ టీవీ వచ్చింది. కేబుల్ రాగానే ఆ ముళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. పాపం హ్యామ్ స్తంభం మాత్రం ఒంటరిగా మిగిలింది. అది పెరగలేదు, మారలేదు. చుట్టూ ఉన్న చెట్లు కొట్టేస్తే మధ్యలో నిలబడ్డ మానులా కనబడసాగింది. 1982 సమ్మె తరవాత మిల్లులు పోయాయి, చాళ్ళు పోయాయి, టవర్లు లేచాయి. టవర్‌తో పాటు సొసైటీ, కమిటీ, నోటీసు బోర్డు, టెర్రస్‌కు తాళం. 2008 నవంబరు దాడుల తరవాత వైర్లు, యాంటెనాలు అంటే జనానికి గుండెల్లో రాయి పడ్డట్టయింది. తప్పు పట్టలేం. ఆ మూడు రోజులు మేమూ కిటికీలు మూసుకునే కూర్చున్నాం.

కాబట్టి కంటికి ఆనకుండా ఉండడం అంటే ఏమిటో కాలాన్ని బట్టి మారుతుంది. ఊళ్ళో అందరికీ ఉన్నదే మనకూ ఉంటే ఎవరూ చూడరు. 1942లో అది బట్టల తీగ, 1985లో టీవీ యాంటెనా. ఇప్పుడు డిష్, ఇంటర్‌నెట్ కేబుల్, మళ్ళీ అదే బట్టల తీగ.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే వీడియోలు చూసి మనవాళ్ళు మోసపోవడం చాలాసార్లు చూశాం. డల్లాస్‌లో మా మేనల్లుడి కాలనీలో హెచ్ఓఏ నిబంధనలు మన సొసైటీల కన్నా గట్టివి. 1985లో అక్కడి ఎఫ్‌సీసీ హ్యామ్ యాంటెనాల మీద ఊరి ప్రభుత్వాల కత్తిరింపులకు హద్దు పెట్టింది కానీ, ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టే ప్రైవేటు ఒప్పందాలను ముట్టుకోలేదు. 1996లో మీటరు లోపు టీవీ డిష్‌ను ఆపకూడదన్నారు, హ్యామ్‌కు అది వర్తించదు. అందుకే అక్కడివాళ్ళు జెండా కర్రలో, వాననీటి గొట్టంలో, ముఖ్యంగా ఇంటి అటక మీద యాంటెనా దాచడం ఒక విద్యగా చేసుకున్నారు. కానీ వాళ్ళ అటక చెక్క. చెక్కలోంచి తరంగం పోతుంది. మన స్లాబ్ నిండా ఇనుప చువ్వలు. అటక మీది యాంటెనా చూసి మన లాఫ్ట్‌లో తీగ చుట్టిన వాడికి పక్క గదిలోని ఎల్ఈడీ బల్బు గరగర తప్ప ఏమీ వినబడదు. మావాడు మొదట చేసిన పని అదే.

మావాడంటే మా తమ్ముడి కొడుకు. పరీక్ష పాసై లైసెన్సు వచ్చేదాకా ఏడాదిన్నర పట్టింది. వచ్చిన రోజు ఇల్లంతా లడ్డూలు పంచాడు. మరుసటి ఆదివారం సొసైటీ సెక్రటరీ దగ్గరికి పోయి టెర్రస్ మీద తీగ కట్టుకుంటానన్నాడు. కుదరదన్నారు. రేడియేషన్ అన్నారు, టీవీలు చెడిపోతాయన్నారు, పోలీసులొస్తారన్నారు. కాగితం మీద రాసివ్వమంటే అదీ ఇవ్వలేదు. అప్పుడు లాఫ్ట్‌లో ప్రయత్నించాడు, పోయింది. తరవాత బాల్కనీలో లూప్.

లూప్ గురించి కాస్త చెప్పాలి, ఫ్లాట్ వాళ్ళందరూ మొదట అడిగేది దాని గురించే. మీటరు అడ్డకొలత ఉండే రాగి గొట్టం వలయం, పైన ఒక తిప్పే కెపాసిటర్. చూడడానికి గోడకు ఆనించిన సైకిల్ రింగులా ఉంటుంది. 14 మెగాహెర్ట్జ్ మీద బాగా పనిచేస్తుంది. దాన్ని పక్కకు తిప్పితే పక్కింటి ఇన్వర్టర్ గోల తగ్గించుకోవచ్చు కూడా. పోలీసు వ్యాను వాడుకున్న గుణమే ఇది, ఇక్కడ మన మేలుకు వస్తుంది. కానీ కాస్త ఫ్రీక్వెన్సీ మారితే చాలు మళ్ళీ ట్యూన్ చేయాలి. అసలు భయం వేరే. 10 వాట్లతో ప్రసారం చేసినా ఆ కెపాసిటర్ మీద వెయ్యి వోల్టుల దరిదాపుకు లేస్తుంది. మా బాల్కనీలోనే మరదలు వడియాలు పెడుతుంది, చిన్నపిల్ల ఆడుకుంటుంది. రెండు వారాలు చూసి మరదలే దాన్ని తీయించింది. బాల్కనీ ఖాళీగా ఉండి, పిల్లలు లేని ఇంట్లో అయితే మేము ఇప్పటికీ లూప్‌కే ఓటేస్తాం.

ఆ తరవాత మావాడు ఎవరికీ చెప్పకుండా చేసిన పని చాలా బాగా పనిచేసింది. మోటారు వైండింగ్ చేసే దుకాణంలో 26 గేజి ఎనామిల్ రాగి తీగ కొన్నాడు. అర మిల్లీమీటరు కన్నా సన్నం. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోతుంది, మన మగ్గం మీది పోగులాగే. రాత్రి పది దాటాక వాచ్‌మన్ కిందికి పోయిన వేళ, లిఫ్టు గది నుంచి నీళ్ళ ట్యాంకు దాకా 20 మీటర్లు కట్టేశాడు. మధ్యలో కోసి కేబుల్ దించే పద్ధతి కాదు, అది కనబడుతుంది. ఒక కొసకే సెట్టు కలిపే పద్ధతి. కొస దగ్గర తీగ నిరోధం రెండున్నర వేల ఓముల దాకా ఉంటుంది, సెట్టుకు కావలసింది 50. అందుకని ఫెర్రైట్ రింగు మీద రెండు చుట్లు ఒక వైపు, పద్నాలుగు చుట్లు ఇంకో వైపు చుట్టి 49 రెట్లు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చేశాడు. టిఫిన్ డబ్బా మూత అంత పెట్టె. అక్కడి నుంచి కేబుల్ డిష్ కేబుళ్ళ కట్టలో కలిసిపోయి మా కిటికీలోకి దిగింది. 5 వాట్లు, ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి. నోబెల్ పొందిన ఖగోళ శాస్త్రవేత్త జో టేలర్, ఆయన మిత్రుడు స్టీవ్ ఫ్రాంక్ 2017లో తెచ్చిన పద్ధతి ఇది. చెవికి వినబడని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ పట్టేస్తుంది. నాసిరకం యాంటెనా వాళ్ళ పాలిట వరం. మూడు నెలల్లో జపాను, ఇటలీ, రష్యా అన్నీ గోడ మీది మ్యాపులో గుండుసూదులయ్యాయి.

ట్యాంకు కడగడానికి వచ్చిన పనివాడి మెడకు తీగ తగిలింది. గీరుకుపోయింది అంతే, దేవుడి దయ. కానీ సాయంత్రానికి తీగ ముక్కలు ముక్కలుగా సెక్రటరీ టేబుల్ మీద ఉంది. నోటీసు బోర్డు మీద మా ఫ్లాట్ నంబరు. లిఫ్టులో మాటలు ఆగిపోయాయి. మూడు తరాలుగా ఇక్కడున్నాం. గణపతి మండపానికి బాపు చందా రాసిన పాత పుస్తకం ఇంకా సొసైటీ ఆఫీసులోనే ఉంది. అయినా ఆ వారం "ఆ తెలుగువాళ్ళ ఇంట్లో ఏదో మెషీన్ ఉందట" అనే మాట మా చెవిన పడింది. మీరూ మీ మీ ఊళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాట విని ఉంటారు. బెంగళూరులో అయినా బరంపురంలో అయినా దాని రుచి ఒకటే.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. తమ్ముడు ఈసారి ఇంకా సన్నటి తీగతో, ఇంకా ఎత్తులో కడదామన్నాడు. మావాడు మా దగ్గరికొచ్చి, "పెద్దబాపూ, ఉషా మెహతా దాచలేదా? దాచుడు తప్పెట్లయితది?" అన్నాడు. ఆ కథ వాడికి చెప్పింది మేమే, ఇక నోరెట్టుకుని ఏమంటాం? రాత్రంతా ఆలోచించి పొద్దున చెప్పాం. ఆమె దాచింది తన నోరు నొక్కే హక్కు లేని సర్కారు నుంచి. నువ్వు దాచింది ఆ టెర్రస్ మీద నీతో సమానంగా హక్కున్నవాళ్ళ నుంచి. ఇంకొకటి, ఆమె పేరు చెప్పకుండా మాట్లాడాలి, నువ్వు మైకు ముందు కాల్‌సైన్ చెప్పే మాట్లాడాలి. ప్రపంచమంతటికీ పేరు చెబుతూ పై అంతస్తు ఆంటీకి చెప్పకపోతే ఎట్లారా? వాడికి ఈ మాట నచ్చలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

పని జరిపించింది మరదలు. లైసెన్సు జిరాక్సు తీసుకుని, పోలీసులంటే భయం కాబట్టి ముందు దాన్నే చూపించి, సెక్రటరీ ఇంట్లో గంటన్నర కూర్చుంది. వచ్చి చెప్పిన సంగతి విని మేము నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేడియేషన్, టీవీ, టెర్రరిస్టు అన్నీ పైపై మాటలే. అసలు భయం వాటర్‌ప్రూఫింగ్! పోయిన రిపేరుకు ఒక్కో ఫ్లాటు లక్షకు దగ్గరగా కట్టింది. కేబుల్‌వాడు టెర్రస్‌లో దించిన మేకుల వల్లే పై అంతస్తులో చెమ్మ వచ్చిందని వాళ్ళ నమ్మకం. యాంటెనా అంటే వాళ్ళ కళ్ళకు కనబడింది డ్రిల్లింగ్ మెషీన్.

ఏడాది సమావేశంలో మావాడికి పది నిమిషాలిచ్చారు. వాడు తీగ గురించి మాట్లాడలేదు, మంచిపని చేశాడు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్ళిన భారతి ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ హోటల్లో స్టేషన్ పెట్టుకుని ఉండగా సునామీ రావడం, ఫోన్లు పోయినప్పుడు ఆ స్టేషనే మెయిన్‌ల్యాండ్‌కు సందేశాలు మోయడం చెప్పాడు. ఇక్కడ చదువుతున్న ఒడిశా సభ్యులకు 1999 పెనుతుఫాను గుర్తుండే ఉంటుంది, అప్పుడూ హ్యాములు వెళ్ళారు. కానీ ఆ గదిలో పనిచేసింది అండమాన్ కాదు. వెనక నుంచి ఎవరో "జులై 26" అన్నారు. 2005లో ఆ రోజు శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి మొబైళ్ళు పలకలేదు, మా తమ్ముడు అంధేరీ నుంచి నడిచి తెల్లారి ఇల్లు చేరాడు. సెక్రటరీ కూతురు ఆ రాత్రి ఎక్కడుందో ఆయనకు పద్దెనిమిది గంటలు తెలియలేదట. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి "మేకులు కొట్టకూడదు" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడున్న యాంటెనా ఆ ఒక్క మాట నుంచి పుట్టింది. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు రెండు, వాటిలో పోసిన సిమెంటు, మధ్యలో నిలబెట్టిన పీవీసీ గొట్టాలు. నేలకు ఒక్క చిల్లు లేదు, కావాలంటే ఇద్దరు ఎత్తి పక్కన పెట్టొచ్చు. తీగ మనిషి తలకు బాగా పైన, మెడలు కోయకుండా రెండు కొసలకు ఎర్ర రిబ్బను. ఒక గొట్టం లోపలే నగరంలో మాట్లాడుకునే 145 మెగాహెర్ట్జ్ యాంటెనా ఉంది, బయటికి కనబడదు. పిడుగుల కాలంలో కేబుల్ ఊడదీసి పెట్టాలి. సంక్రాంతికి గాలిపటాల మాంజా తీగను తెంపుతుంది, మోటారు దుకాణానికి మళ్ళీ పోవడమే. దూరం నుంచి చూస్తే బట్టలారేసుకునే ఏర్పాటులా ఉంటుంది. కనబడకుండా కట్టినవాటికన్నా ఇది కాస్త లావు తీగ, కాస్త ఎక్కువ ఎత్తు, అందుకే ఇంకా బాగా పనిచేస్తోంది. దొంగతనంగా కట్టినప్పుడు లిఫ్టు గదికి ఆనించక తప్పలేదు. ఇప్పుడు ఆ మోటారు గోలకు దూరంగా జరుపుకున్నాడు.

టెర్రస్ అసలే ఇవ్వనివాళ్ళకు కూడా దారి మూసుకుపోలేదు. 2005 మేలో మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ హ్యామ్‌శాట్‌ను పైకి తీసుకుపోయింది. 42 కిలోల చిన్న ఉపగ్రహం. 2014 జులై దాకా బతికింది. చేత్తో పట్టుకునే చిన్న యాంటెనాతో గ్రౌండులోనో గల్లీ చివరో నిలబడి, అది తలమీదుగా పోయే పది పన్నెండు నిమిషాలు మాట్లాడి, యాంటెనా సంచిలో వేసుకుని ఇంటికి రావడమే. కట్టేదీ లేదు, అడిగేదీ లేదు. ఇప్పుడు అదే తీరుగా అంతరిక్ష కేంద్రం మీది రిపీటర్ ఉంది. పడమటి కిటికీ ఉన్నవాళ్ళకు ఇంకొకటి. ఖతార్ ఉపగ్రహం మీద 2018లో ఎక్కిన హ్యామ్ ట్రాన్స్‌పాండర్ ముంబై ఆకాశంలో 33 డిగ్రీల ఎత్తున కదలకుండా నిలబడి ఉంటుంది. వినడానికి మామూలు టీవీ డిష్, దాని ఎల్ఎన్‌బీ, కంప్యూటర్‌కు తగిలించే చిన్న డాంగుల్ చాలు. కమిటీవాళ్ళు చూసినా ఏ సీరియల్ కోసమో అనుకుంటారు.

భివండీ అన్నా, మేము సొసైటీకి రాసిన ఉత్తరం నకలు మీకు పంపుతాం. రేడియేషన్ గురించి ఒక్క పేరా, డ్రిల్లింగ్ గురించి మూడు పేరాలు ఉన్నాయి అందులో. మీ సొసైటీ భయం ఏదో ముందు కనుక్కుని ఆ పేరాలు మార్చుకోండి.

పోయిన జులైలో పై అంతస్తు ఆంటీ ఇంట్లో మళ్ళీ చెమ్మ వచ్చింది. అందరి కళ్ళూ ముందు మా బకెట్ల మీదికే పోయాయి. ప్లంబర్ వచ్చి ట్యాంకు పైపు జాయింట్ చూపించాకే మా ఇంట్లో అన్నం సయించింది. సెప్టెంబరులో టీవీలో గీతలొస్తున్నాయని ఇంకొకరు ఫిర్యాదు చేశారు. మావాడు చేతి రేడియో పట్టుకుని అంతస్తు అంతస్తు తిరిగి, వాళ్ళ ఇంట్లోనే కొత్తగా పెట్టిన చైనా ఎల్ఈడీ పట్టీ దగ్గర ఆ గోల దొరకబట్టాడు. అది తీసేశారు, గీతలు పోయాయి. ఇప్పుడు ఆంటీ తన బట్టల తీగ ఒక కొసను మా బకెట్ గొట్టానికే కట్టుకుంది, జీఐ తీగ. ఇనుము అంత దగ్గరికి రావడంతో యాంటెనా లెక్క తప్పి, పంపిన పవర్‌లో కొంత వెనక్కి తిరిగొస్తోంది. మావాడు పైకి వెళ్ళి చూసి, కిందికొచ్చి, తన తీగనే ఒక అడుగు పొట్టి చేసుకున్నాడు.